మార్చిలో కూసిన కోకిల

మార్ష్‌గేట్,
2 జనవరి 1991

ప్రియమైన అన్నయ్యా,

కొత్త పేజీ నిన్ననే మొదలుపెట్టాను. పైన 1991 అని రాసి, స్కేలుతో గీతలు గీసి, ఎప్పటిలాగే నాలుగు వరసలు చేశాను: పిట్ట పేరు, తేదీ, చోటు, చూసినవారు. ఏడాది మారగానే మళ్ళీ సున్నా నుంచి మొదలవడం నాకు ఇష్టం. నిన్నటిదాకా ఎన్ని చూశామన్నది లెక్కలోకి రాదు. పిచ్చుక కూడా మళ్ళీ కొత్తదే. ఈ ఏటి మొదటి పిట్ట మా వంటింటి కిటికీ ముందు వాలిన రాబిన్.

పాత పేజీ మాత్రం ఇంకా మూయలేదు. నువ్వు రాలేదు కదా.

డిసెంబరు 31న పొద్దున పదింటికే పంప్‌హౌస్ దగ్గర పిట్టలను చూసే మాటులో కూర్చున్నాను. పంపు నడిపిన రోజుల్లో నాన్న పాత చెక్కలతో కట్టిన మాటు పోయి ఇప్పుడు పక్షుల సంఘం వాళ్ళు కొత్తది కట్టినా, బల్ల అదే చోట ఉంది. సన్నటి కిటికీ పలక ఎత్తితే అవే నీళ్ళు. నా పక్కన నీకు చోటు ఉంచాను. "ఇక్కడ ఎవరైనా ఉన్నారా అండీ?" అని నలుగురు అడిగారు. నలుగురికీ "మా అన్నయ్య వస్తున్నాడు" అని చెప్పాను. మూడున్నరకు అయిదో ఆయన అడిగితే, "కూర్చోండి" అన్నాను. ఐస్‌లాండ్ హంసలు నీళ్ళ మీద దిగే వేళకు నా పక్కన ఉన్నది ఆయనే. మంచివాడే. బూట్లు మాత్రం కిర్రుమంటూనే ఉన్నాయి.

ఏడాదికి మనం కలిసేది ఆ ఒక్కరోజే. నీ జాబితా, నా జాబితా పక్కపక్కన పెట్టుకుని పేజీ మూసే రోజు. నీకని చేసిన చీజ్ శాండ్‌విచ్‌లు, వెనిగర్‌లో ఊరేసిన ఉల్లిపాయలు అలాగే ఇంటికి తెచ్చాను. మా ఆయన డెరిక్ స్నూకర్ చూస్తూ, "ఏమంటున్నాయి బాతులు?" అన్నాడు. "హంసలు" అన్నాను. "అవేలే, మెడ పొడుగు బాతులు. మీ అన్న ఎలా ఉన్నాడు?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపు టీవీలో ఎర్రబంతి గుంటలో పడింది. ఆయన చప్పట్లు కొట్టాడు. ఉల్లిపాయలు ఆయనే తిన్నాడు.

నీకు నా మీద కోపమా? పోయిన ఏడు నువ్వు పంపిన నైటింగేల్‌ను జాబితాలోంచి కొట్టేశాను. విన్నానన్నావే గానీ చూశానని రాయలేదు. పుస్తకం అట్ట లోపలి వైపు నాన్న చేత్తో రాసిన మూడో నియమం నీకూ తెలుసు: "చెవిని నమ్మవద్దు. కంటితో చూసిందే లెక్క." నియమం నాది కాదు. నేను పుస్తకం మోస్తున్నదాన్ని, అంతే.

ఈ డిసెంబరుకైనా వస్తానని రాయి.

నీ చెల్లెలు,
థెల్మా


హాల్స్‌బీ,
13 జనవరి 1991

చెల్లీ,

కోపం లేదు, గీపం లేదు. వ్యాన్ గేరుపెట్టె పోయింది. ఫోను డబ్బా దాకా వెళ్ళి చెబుదామంటే మెట్ల మీద నల్లమంచు పేరుకుంది. నువ్వు ఆ బల్ల మీద అంతసేపు కూర్చున్నావని తెలిశాక రెండు రోజులు టీ సహించలేదు.

రాసుకో. జనవరి 1: బూడిదరంగు కొంగ, తీతువు, సముద్రపు కాకి. 4: లకుముకి పిట్ట, మా తూము మీద. 9: పిల్లిగద్ద జంట, రెల్లు మీద తేలుతూ. అన్నీ చూసినవే తల్లీ, అన్నీ చూసినవే.

పక్కింటి మిసెస్ ఆల్డస్ నా మీద జాలిపడి సూప్ తెస్తుంది, వెంట పత్రిక కూడా తెస్తుంది. ఊళ్ళో పెళ్ళిళ్ళు, చావులు, పోయిన పిల్లుల ప్రకటనలు అన్నీ పైకి చదువుతుంది. వద్దన్నా చదువుతుంది.

నువ్వు ఇటు రావాలని మాత్రం అనుకోకు. తీరం రోడ్డు మునిగి ఉంది. డిసెంబరు సంగతి డిసెంబరులో చూద్దాం.

సిరిల్


మార్ష్‌గేట్,
24 మార్చి 1991

ప్రియమైన అన్నయ్యా,

నీ మార్చి జాబితా అందింది. ఇద్దరివీ కలిపి డెబ్బై నాలుగు. పోయిన ఏడు ఇదే తేదీకి డెబ్బై తొమ్మిది.

నీ చేతిరాతకు ఏమైంది? ఒక వరస కొండెక్కుతుంది, ఇంకొకటి కాలువలో దిగుతుంది. "మీ అన్న పడవలో కూర్చుని రాస్తున్నాడా?" అని డెరిక్ అడిగాడు. నీ "గ"లు, "ద"లు విడదీసుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది. కళ్ళజోడు మార్పించుకో.

మంగళవారాలు ఇప్పటికీ బస్సెక్కి పంప్‌హౌస్‌కు వెళ్తున్నాను. ఫ్లాస్కు, రెండు బిస్కెట్లు, పుస్తకం. ఇంట్లో పని పదిన్నరకు అయిపోతుంది. ఆ తర్వాత గడియారం ఒక్కటే మాట్లాడుతుంది. మాటులో ఎవరూ మాట్లాడకపోయినా అది మర్యాద, ఇంట్లో అదే నిశ్శబ్దం వేరుగా ఉంటుంది. ఎందుకో నీకు రాయాలనిపించింది.

డిసెంబరు 31 గురించి నువ్వు మాట ఇవ్వలేదు. నేను గమనించాను.

థెల్మా


హాల్స్‌బీ,
12 మే 1991

చెల్లీ,

కళ్ళజోడు మార్చాలిలే, మారుస్తాను. పిట్టలు మాత్రం దండిగా ఉన్నాయి. ఏప్రిల్ 2: చిఫ్‌చాఫ్, మొహమాటం లేకుండా తన పేరు తానే పిలుచుకునేది. 14: రెల్లుకొంగ. ఖాళీ సీసా మూతిలో ఎవరో ఊదుతున్నట్టు మూడు రోజులుగా మోగిస్తోంది. 19: కోకిల. 22: పందిపిల్లలా కీచుమనే నీటికోడి. మే 3: నైటింగేల్, ఈసారి కొట్టెయ్యకు. "చూసినవారు" అన్న వరసలో నిస్సంకోచంగా నా పేరు రాయి.

వ్యాన్ అమ్మేశాను. ఈ వయసులో దానితో కుస్తీ ఎందుకని.

మంగళవారాల గురించి రాశావు. నాకు మంగళవారమూ, ఆదివారమూ ఒకటే. కాబట్టి మంగళవారాలే అనుకుని కూర్చుంటాను.

సిరిల్


హాల్స్‌బీ,
10 జూన్ 1991

థెల్మా!

వంగపండు! పసుపుపచ్చ వంగపండు పిట్ట! మూడు పొద్దులుగా, ఆరింటికి, ఆల్డస్ వాళ్ళ ఇంటి వైపు నుంచి. వేణువు ఊదినట్టు నాలుగు స్వరాలు, వేరే ఏ పిట్టా కాదు. నాన్న ముప్పై ఏళ్ళు వెతికి చూడకుండానే పోయిన పిట్ట. ఎర్ర సిరాతో కాదు, నీలం సిరాతో పెద్దగా రాయి. ఇది నీకు నా కానుక.

సిరిల్


మార్ష్‌గేట్,
23 జూన్ 1991

సిరిల్‌కు,

ఇక్కడ వానలు బాగానే పడ్డాయి. టమాటాలు పూత పట్టాయి.

గురువారం మొదటి బస్సు, తర్వాత రైలు, తర్వాత ఇంకో బస్సు పట్టుకుని మీ ఊరు వచ్చాను. నీకు చెప్పలేదు. చెబితే జూన్‌లో కూడా రోడ్డు మునిగిందంటావు. నాన్న చూడని పిట్టను చూసి, ఆ తర్వాత నీ తలుపు తడదామని మీ సందులో నిలబడ్డాను.

నాలుగు స్వరాలూ విన్నాను. వేణువే. బైనాక్యులర్ ఎత్తి చూశాను. మిసెస్ ఆల్డస్ పొగగొట్టం మీద చుక్కల గొరవంక. ముందు వేణువు ఊదింది. తర్వాత అదే ముక్కుతో ఎవరిదో గేటు కిర్రు. తర్వాత కోడిపెట్ట. తర్వాత మళ్ళీ వేణువు. అందరి గొంతులూ దొంగిలించే ఆ పిట్టను చిన్న పిల్లలు కూడా గుర్తుపడతారు. తల ఎత్తితే చాలు.

అప్పుడే నువ్వు బేకరీ వైపు నుంచి రొట్టె పట్టుకుని వచ్చావు. నేను చెయ్యి ఎత్తాను. నువ్వు నా ముఖంలోకి చూశావు. టోపీ కాస్త పైకి తీసి, "గుడ్ మార్నింగ్, మేడమ్" అన్నావు. అని వెళ్ళిపోయావు.

మేడమ్!

పిలవకుండానే ఎత్తిన చెయ్యి దించాను. నీ తలుపు మూసుకున్న చప్పుడు విని, తిరిగి బస్సు ఎక్కాను. నైటింగేల్ ఒక్కదానికి ఇంత పగ ఉంటుందని అనుకోలేదు.

వంగపండును ఎర్ర సిరాతో కొట్టేశాను. పక్కన కారణం కూడా రాశాను. అబద్ధం చెప్పాలన్నా ఒకసారి పైకి చూడాలి, సిరిల్. డిసెంబరు 31న నీ చోటు ఉంచను.

డెరిక్‌కు జలుబు తగ్గింది.

థెల్మా


హాల్స్‌బీ,
4 జూలై 1991

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. చాలా పొట్టిగా ఉందేమిటి? మీ దగ్గర వానలు బాగానే పడ్డాయట, టమాటాలు పూత పట్టాయట, సంతోషం. డెరిక్‌కు జలుబు తగ్గిందట, ఇంకా సంతోషం. వంగపండు గురించి ఒక్క మాట లేదేం? పేజీలోకి ఎక్కిందా? నాన్న ఉంటే ఆ రోజు పంపు ఆపేసి పండగ చేసేవాడు.

సిరిల్


మార్ష్‌గేట్,
9 జూలై 1991

సిరిల్‌కు,

నీకు ఇదంతా నవ్వులాటగా ఉందని అర్థమైంది.

నలభై ఏళ్ళు నాన్న, పదిహేనేళ్ళు నేను నడిపిన పుస్తకం సగంలో ఆగకూడదు. నెలకోసారి పిట్టల పేర్లు, తేదీలు మాత్రం పంపు. మిగతా మాటలు అక్కర్లేదు.

థెల్మా


హాల్స్‌బీ,
31 ఆగస్టు 1991

చెల్లీ,

పేర్లు, తేదీలు మాత్రం పంపమన్నావట. ఏదో పనుల్లో ఉండి ఉంటావు. ఇవిగో.

జూలై 6: పిట్టకొంచెం కూతఘనం అనిపించే ఆ గోధుమరంగు పొదపిట్ట. జూలై 17: ఎర్రకాళ్ళ ఉల్లంకి. ఆగస్టు 8: తెల్ల గుడ్లగూబ. ఆగస్టు 20: పచ్చకాళ్ళ ఉల్లంకి, మూడు కూతలు. 29: వానకోవెలలు తీగ మీద గుంపుగా కిచకిచలు.

నీ మంగళవారాలు ఎలా ఉన్నాయి?

సిరిల్


మార్ష్‌గేట్,
29 సెప్టెంబరు 1991

అన్నయ్యా,

ఈ ఉత్తరం రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

సెప్టెంబరు చివర్లో నేను ఎప్పుడూ చేసే పనే చేశాను. ఏడాది లెక్క తప్పకుండా ఉండాలని, ఎవరి పిట్టలు ఏవో వేరు వేరు కాగితాల మీద రాసుకున్నాను. నీ కాగితం చూస్తే ఏదో వెలితిగా అనిపించింది. మీ రెల్లు మీద ఏప్రిల్ నుంచి రోజూ పిల్లిగద్దలు తిరుగుతాయి. నీ జాబితాలో మార్చి 9 తర్వాత ఒక్కసారీ పిల్లిగద్ద లేదు. మీ ఉప్పుటేరులో తెడ్డుమూతి కొంగ నెల రోజులు నిలబడిందని రేడియోలో కూడా చెప్పారు. అదీ లేదు. మార్చి 9కి ముందు నీవి యాభై ఒకటి, అందులో అన్ని రకాలూ ఉన్నాయి. ఆ తర్వాతవి ముప్పై మూడు. ముప్పై మూడూ అరిచే పిట్టలే. నోరు మూసుకుని ఉండే పిట్ట ఒక్కటి లేదు.

తర్వాత నీ ఉత్తరాలు తీశాను. "టమాటాలు పూత పట్టాయట" అని రాశావు. మా ఇంటి టమాటాల సంగతి నాకే "అట" అని చెప్పావు. "పంపమన్నావట" అని మళ్ళీ రాశావు. ఉత్తరం చదివినవాడు "పట్టాయి" అంటాడు, "పంపమన్నావు" అంటాడు. ఒకరు చెప్పగా విన్నవాడే "అట" అంటాడు.

నిన్ను ఒకే ప్రశ్న అడుగుతాను. జవాబు నిజంగా రాయి. నువ్వు కంటితో చూసిన ఆఖరి పిట్ట ఏది?

జూన్ ఉత్తరంలో నేను రాసినవన్నీ నీకు ఎవరు చదివి వినిపించారు?

థెల్మా


హాల్స్‌బీ,
20 అక్టోబరు 1991

చెల్లీ,

అట్టముక్కకు సన్నటి చీలికలు కోసి, వాటిలో వేలు పెట్టి రాస్తున్నాను. వరస కొండెక్కితే మన్నించు.

మిసెస్ ఆల్డస్ కూతురి దగ్గరకు వెళ్ళింది. నీ ఉత్తరం ఆమె మొగుడు బెర్ట్ చదివాడు. బెర్ట్ చదవడమంటే స్టాంపు మీద రాణి ముఖం దగ్గర మొదలుపెడతాడు. ఏది వదలాలో ఆయనకు తెలియదు. జూన్ ఉత్తరమంటే ఏమిటా అని డబ్బాలో ఉన్నవన్నీ తీసి ఇచ్చాను. ఆయన చదివేసి, "ఇది నేను చదవలేదనుకో సిరిల్" అన్నాడు.

ఆమె తిరిగి రాగానే అడిగాను. "చీవాట్లు వదిలేశాను, అయితే ఏంటి?" అంది. "నీకు వచ్చే ఉత్తరం అదొక్కటే. ముళ్ళు తీసి చేప పెట్టినట్టు మంచి ముక్కలు ఏరి పెట్టాను. కుర్రాడు నొచ్చుకుంటాడని." నాకు అరవై మూడేళ్ళు. చేప పెట్టిన మనిషిని ఏమనగలను? కానీ ఆ ఉత్తరంలో మిగిలింది టమాటాలు, జలుబే.

నీ ప్రశ్నకు జవాబు. మార్చి 9, మధ్యాహ్నం, పిల్లిగద్ద. ఎడమ కన్ను అంతకు ముందే పోయింది. కుడి కంటి మధ్యలో మచ్చ ఉండేది, నాణెమంత. గద్ద రెల్లు మీదుగా తేలుతూ వచ్చి ఆ మచ్చలోకి వెళ్ళింది. అవతలి వైపు నుంచి బయటికి వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. ఇప్పటికీ రాలేదు.

పోయిన డిసెంబరులో గేరుపెట్టె బాగానే ఉంది. నడిపేవాడే బాగాలేడు. నీకు చెబితే ఆ సాయంత్రమే స్కేలు తీసి పట్టిక గీస్తావు: సోమవారం నర్సు, మంగళవారం సూప్. వారం తిరిగేలోపు నన్ను ఏ ఆశ్రమంలోనో చేరుస్తారు. ఇక్కడ కిటికీ తెరిస్తే రెల్లు వినపడుతుంది.

సందులో ఆ రోజు ఎవరో ఆడమనిషి నిలబడి ఉందని తెలుసు. బూడిదరంగు కోటు అంచు కనపడింది. ముఖం ఉండాల్సిన చోట మచ్చ ఉంది. ముఖం తెలియని ప్రతి ఆడమనిషికీ ఇప్పుడు టోపీ ఎత్తి మేడమ్ అంటున్నాను, ఎవరూ నొచ్చుకోకుండా. నువ్వు ఒక్క మాట మాట్లాడి ఉంటే చాలు థెల్మా. మాట కూడా అక్కర్లేదు. దగ్గినా గుర్తుపట్టేవాణ్ణి.

మార్చి 9 తర్వాతవన్నీ కొట్టెయ్యి. చూశానని రాయించింది నేనే. జాబితా ఆగితే నీ ఉత్తరాలు ఆగుతాయని భయపడ్డాను. అయినా నియమం నియమమే, పైగా ఆ నియమం నా పుణ్యమే. నీకు నాన్న చెప్పి ఉండడు. నువ్వు పుట్టక ముందు సంవత్సరం. నాకు తొమ్మిదేళ్ళు. మార్చి మొదటి వారంలో పంపు గోడ వెనక దాక్కుని చేతులు దొప్పలా పట్టి కోకిలలా కూశాను. ఏప్రిల్‌లో గానీ రాని పిట్ట! నాన్న పరుగెత్తుకు వెళ్ళి పత్రికకు ఉత్తరం రాశాడు, ఈ ఏటి మొదటి కోకిల తన చెవిన పడిందని. అచ్చయింది. అచ్చయిన రోజు నేను నిజం చెప్పాను. నెల రోజుల పాటు ఊళ్ళో ఆయన ఎటు వెళ్తే అటు మగవాళ్ళు "కుక్కూ" అన్నారు. నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు. పుస్తకం తీసి మూడో నియమం రాశాడు.

ఒక్కటి మాత్రం చెబుతాను. ఆ గొరవంక ఆ వేణువును ఎక్కడో విని ఉండాలి కదా. అంటే ఎక్కడో ఒక వంగపండు ఉంది.

సిరిల్


మార్ష్‌గేట్,
5 నవంబరు 1991

ప్రియమైన అన్నయ్యా,

(మిసెస్ ఆల్డస్ గారూ, ఇకనుంచి ముళ్ళతో సహా చదవండి. మింగేది మా అన్నయ్య.)

"అబద్ధం చెప్పాలన్నా ఒకసారి పైకి చూడాలి" అని రాశాను. ఆ వాక్యం రాసినప్పుడు నాకు బాగా కుదిరిందనిపించింది కూడా. దాన్ని బెర్ట్ గారి గొంతులో విన్నావు. ఏమని రాయను?

మంగళవారం మాటులో గంటసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నాను. చేతి గడియారం పక్కాయనకు ఇచ్చి, గంట కాగానే చెప్పమన్నాను. ఆయన పది నిమిషాలకే, "ఒంట్లో బాగానే ఉందా అండీ? టీ తాగుతారా?" అన్నాడు. గంటలో పదకొండు గొంతులు విన్నాను. అందులో నాలుగింటికి పేర్లు తెలియవు. నలభై ఏళ్ళకు పైగా చూస్తున్న పిట్టలు. వాటి ముక్కు పొడవు అడుగు, కంటి చుట్టూ రంగు అడుగు, చెబుతాను. గొంతు అడిగితే తెలియదు. ఈ ఇంట్లో కూడా అంతేనేమో.

పట్టిక గీయలేదు. ఒట్టు. డిసెంబరు 31న వస్తావా?

థెల్మా


హాల్స్‌బీ,
1 డిసెంబరు 1991

చెల్లీ,

నువ్వు పిలిచావు, అదే చాలు. గుడ్డివాడికి అద్దం ఎందుకో, నాకు మాటు అందుకు. నువ్వు కిటికీలోంచి చూస్తావు, నేను నీ పక్కన చెక్కగోడను చూస్తాను. నువ్వు జాలిపడి ఒక్కో హంసా నాకు చెబుతావు. చుట్టుపక్కల వాళ్ళు ష్ ష్ అంటారు. వద్దు. పైగా యాభై మైళ్ళు, బస్సులు మారాలి, నాకు ఇచ్చిన తెల్ల కర్రతో నాకింకా స్నేహం కుదరలేదు.

సాయంత్రాలు కిటికీ తెరిచి కూర్చుంటాను. అడవిబాతులు ఇంటి మీదుగా సముద్రంలోకి వెళ్తాయి. గోల వినపడుతుంది గానీ ఎన్నో తెలియదు. ఎన్ని అని అడిగేవాళ్ళూ లేరులే. పేజీ నువ్వే మూసెయ్యి.

సిరిల్


మార్ష్‌గేట్,
15 డిసెంబరు 1991

ప్రియమైన అన్నయ్యా,

ఎన్ని?

నేను అడుగుతున్నాను. తెలియకపోతే గోల ఎంతసేపు పట్టిందో రాయి. అడవిబాతులకు అది కూడా ఒక లెక్కే.

నీ ముప్పై మూడు పిట్టలనూ కొట్టెయ్యలేదు. సిరా తుడిచి పెన్సిలుతో మళ్ళీ రాశాను. మూడో నియమాన్ని కూడా ముట్టుకోలేదు, అది నాన్న చేతిరాత. అయితే అది పిట్టల మీద రాసిన నియమం కాదని నాకు ఇప్పుడు తెలిసింది. గోడ వెనక దాక్కున్న తొమ్మిదేళ్ళ దొంగ మీద రాసింది. వాడు యాభై నాలుగేళ్ళు శిక్ష అనుభవించాడు. అందుకని దాని కింద నా చేతిరాతతో ఒక వాక్యం చేర్చాను: "ఒకే చోట, ఒకే పిట్టకు, ఒకరి కన్ను, ఒకరి చెవి కలిస్తే లెక్కే." తేదీ వేసి సంతకం పెట్టాను. నీ సంతకానికి చోటు ఉంచాను.

ఆ ముప్పై మూడులో డిసెంబరులో ఇక్కడ వినపడేవి తొమ్మిదే. చూసుకున్నాను. వాటిని ఆ రోజు నువ్వు విని, నేను చూసి, సిరాతో దిద్దుదాం. మిగతావి వేసవి పిట్టలు. పెన్సిలుగానే ఉండిపోతాయి. ఉండనీ. ఎర్ర సిరాతో కొట్టేసిన వంగపండు కూడా అలాగే ఉంది, నీలం సిరాలా ఆ ఎర్ర గీత తుడిస్తే పోవడం లేదు.

నాకు పేర్లు తెలియని ఆ నాలుగు గొంతులూ ఇప్పటికీ తెలియలేదు. ష్ ష్ అనేవాళ్ళను అననీ. నువ్వు నా చెవిలో పేరు చెప్పకపోతే నేను ఎటు చూడాలి?

బస్సుల సంగతి. నిన్న కూర్చుని వేళలన్నీ రాసుకుంటుంటే డెరిక్, "ఏం లెక్కలు అవి?" అన్నాడు. "అన్నయ్యను తేవడానికి. మూడు మారాలి, కుదరడం లేదు" అన్నాను. ఆయన ఆట మధ్యలో టీవీ గొంతు తగ్గించాడు. పెళ్ళయ్యాక నేను అది చూడడం ఇదే మొదలు. "నేనెందుకున్నాను మరి?" అన్నాడు. "దింపి, కార్లో కూర్చుని రేడియో వింటాలే. మీ బాతుల జోలికి రాను." "హంసలు" అన్నాను. "అవే" అన్నాడు.

(మిసెస్ ఆల్డస్ గారూ, ఇక్కడి నుంచి కొంచెం నెమ్మదిగా చదవండి.)

31న పొద్దున తొమ్మిదింటికి కారు మీ బేకరీ దగ్గర ఆపిస్తాను. అక్కడి నుంచి సందులోకి నేనొక్కదాన్నే నడిచి వస్తాను. జూన్‌లో నిలబడ్డ చోటే నిలబడతాను, అదే బూడిదరంగు కోటులో. నువ్వు రాకపోయినా నీకని శాండ్‌విచ్‌లు, ఉల్లిపాయలు ఉంటాయి. డెరిక్‌ను ఉల్లిపాయలు ముట్టుకోవద్దని చెప్పాను. ఈసారి చెయ్యి మాత్రం ఊపను.

చేతులు దొప్పలా ఎలా పట్టాలో నువ్వు రాయలేదు. పదిరోజులుగా పెరట్లో నా అంతట నేనే ప్రయత్నిస్తున్నాను. ఎక్కువసార్లు గాలే వస్తుంది. పక్కింటి కుక్క ఒప్పుకోవడం లేదు. అయినా ఆ రోజుకు వస్తుందనుకుంటున్నాను.

కాబట్టి డిసెంబరు ఆఖరు రోజున మీ సందులో కోకిల కూస్తే, పత్రికకు రాయకు. తలుపు తియ్యి.

నీ చెల్లెలు,
థెల్మా